ఆరాధ్యుడితో కలిసి పాట కట్టడం: గై క్లార్క్ బల్ల దగ్గర ఏం జరిగేది

అమెరికన్ కంట్రీ గాయని ఆష్లీ మన్రో 2013లో ‘లైక్ ఎ రోజ్’ అనే ఆల్బమ్ విడుదల చేసినప్పుడు, అదే పేరు గల మొదటి పాట కింద రచయితలుగా మూడు పేర్లు కనిపించాయి: ఆష్లీ మన్రో, జాన్ రాండల్, గై క్లార్క్. అప్పటికి మన్రో వయసు 26 ఏళ్లు, యువ రచయితలు ఆరాధించే గీతరచయిత క్లార్క్ వయసు 71 ఏళ్లు. పాటలోని కథ మాత్రం మన్రోదే. పదమూడేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకోవడం, ఆ దెబ్బకు ఇల్లు చెల్లాచెదురు కావడం, అయినా ఆ పిల్ల వాడిపోకుండా బయటపడడం అందులోని విషయం. టెనెసీ రాష్ట్రంలో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి బతుకును చెప్పే పాటకు, టెక్సాస్‌లో ఎడారి అంచున ఉన్న ఊరిలో 1941లో పుట్టిన ఒక వృద్ధుడు ఎలా రచయిత అయ్యారు? అందులో ఏ వాక్యం ఎవరిది? ఆదాయంలో ఎవరి వాటా ఎంత? అన్నిటినీ మించి, తాను ఆరాధించే మనిషి ఎదురుగా కూర్చుని ‘ఈ మాట ఇక్కడ పొసగడం లేదు’ అనే ధైర్యం ఒక యువ రచయితకు ఎలా వస్తుంది?

కంట్రీ సంగీతంలో సహరచన అనే పద్ధతిని దూరం నుంచి చూసేవారికి ఈ ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి, ఒకే చిక్కులా కనిపిస్తాయి. నిజానికి ఇందులో కళకు సంబంధించిన పోగు ఒకటి, వ్యాపారానికి సంబంధించిన పోగు ఒకటి, చట్టానికి సంబంధించిన పోగు ఒకటి ఉన్నాయి. ఈ మూడింటినీ విడదీసి చూడడానికి, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో గై క్లార్క్ ఇంటి కింది అంతస్తులో ఉన్న వర్క్‌షాప్ గదిని మించిన చోటు నాకు తెలియదు.

క్లార్క్ మొనహాన్స్ అనే ఊరిలో పుట్టి, సముద్రతీరంలోని రాక్‌పోర్ట్‌లో పెరిగారు. హ్యూస్టన్‌లో గిటార్లు మరమ్మతు చేశారు, లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో డోబ్రో గిటార్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేశారు, 1971లో నాష్‌విల్ చేరారు. 1975లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ ‘ఓల్డ్ నంబర్ వన్’లో పది పాటలున్నాయి. ఆ పదింటినీ ఆయన ఒక్కరే రాశారు. గాయకుడిగా ఆయన రికార్డులు ఎన్నడూ పెద్ద సంఖ్యలో అమ్ముడుపోలేదు. ఆయన పాటలను జెర్రీ జెఫ్ వాకర్, రికీ స్కాగ్స్ వంటివారు పాడి జనంలోకి తీసుకువెళ్లారు. అందువల్ల ఆయన శ్రోతల లోకంలో కంటే పాటలు రాసేవారి లోకంలో ఎక్కువ గొప్పవారు. ఆయన, చిత్రకారిణి, గీతరచయిత్రి అయిన ఆయన భార్య సుసానా, వారి ఆప్తమిత్రుడైన గీతరచయిత టౌన్స్ వాన్ జాండ్ట్ ఉండే ఇంటికి 1970లలో యువ రచయితలు వరుసకట్టి వచ్చేవారు. 1972లో హ్యూస్టన్ నుంచి వచ్చిన రాడ్నీ క్రొవెల్ వారిలో ఒకరు. 1974లో పందొమ్మిదేళ్ల వయసులో వచ్చిన స్టీవ్ అర్ల్ మరొకరు. రాత్రి పొద్దుపోయేదాకా గిటారు చేతులు మారుతూ ఉండేది. కొత్తగా రాసిన పాట పాడాలి, విన్నవారి ముఖాలు చూడాలి, మళ్లీ వెళ్లి దిద్దుకోవాలి. అది కలిసి రాయడం కాదు. ఒకరి పాటకు మరొకరు గీటురాయి కావడం మాత్రమే. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి.

సహరచన అన్నది నాష్‌విల్ వ్యాపారం నుంచి పుట్టిన అలవాటు. ఆ నగరంలో మ్యూజిక్ రో అనే పేరు గల వీధుల్లో పబ్లిషింగ్ సంస్థలు ఉంటాయి. ఆ సంస్థలు రచయితలతో ఒప్పందం చేసుకుని, రాబోయే ఆదాయంలోంచి ముందుగా కొంత సొమ్ము ఇస్తూ, వారు ఏడాదికి ఇన్ని పాటలు ఇవ్వాలని నిబంధన పెడతాయి. ఇద్దరు కలిసి రాసిన పాట ఒక్కొక్కరికి సగం పాటగానే లెక్కకు వస్తుంది కాబట్టి, కోటా పూర్తికావాలంటే ఎక్కువసార్లు కూర్చోవాలి. సంస్థలోని ఉద్యోగి ఒకరు ఎవరెవరు కలిస్తే బాగుంటుందో ఆలోచించి తేదీలు కుదురుస్తారు. దంతవైద్యుడి దగ్గర సమయం తీసుకున్నట్లుగానే ఉదయం పది, పదకొండు గంటల వేళకు ఇద్దరు ముగ్గురు ఒక గదిలో కలుస్తారు. ఒకరి జేబులో శీర్షికల జాబితా ఉంటుంది, మరొకరి చేతిలో సగం కట్టిన బాణీ ఉంటుంది. కాఫీ తాగుతూ పిల్లల గురించీ తగాదాల గురించీ మాట్లాడుకుంటారు. ఆ మాటల్లోంచి ఎవరికో ఒక పల్లవి తడుతుంది. సాయంత్రానికి పాట పూర్తవుతుంది, లేదా అసలే పుట్టదు.

ఇక్కడ మన పాఠకులకు ఒక తేడా చెప్పాలి. తెలుగు సినిమా పాటలో బాణీ కట్టేవారు వేరు, సాహిత్యం రాసేవారు వేరు. తెర మీద పడే పేర్లు కూడా వేర్వేరుగానే పడతాయి. భారతీయ కాపీరైట్ చట్టం కూడా పాట మాటలను సాహిత్య రచనగానూ, బాణీని సంగీత రచనగానూ రెండు వేర్వేరు రచనలుగా చూస్తుంది. అమెరికా చట్టంలో బాణీ, దానితో కూడిన మాటలు కలిసి ఒకే సంగీత రచన. నాష్‌విల్ గదిలో కూర్చున్నవారిలో ‘నేను మాటలు, నువ్వు రాగం’ అనే పంపకం సాధారణంగా ఉండదు. అందరూ అన్నిటిలోనూ చేయి పెడతారు. మన సాహిత్యంలో దీనికి దగ్గరి పోలిక కావాలంటే సినిమా వైపు కాక జంటకవుల వైపు చూడాలి. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో మరణించారు. ఆ తరువాత మూడు దశాబ్దాలు జీవించిన చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి తన రచనలను ఆ జంట పేరుతోనే ప్రకటించారు. ఏ పద్యం ఎవరిదని విడదీయడాన్ని ఆయన ఆ స్నేహానికి అపచారంగా భావించారని నేను అర్థం చేసుకుంటాను. అయితే వారిద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్న సమానులు. మన ప్రశ్న అంతకంటే క్లిష్టమైనది: ఒకరు గురుస్థానంలో ఉన్నప్పుడు ఏమవుతుంది?

క్లార్క్ కూడా మొదట్లో ఒంటరిగా రాసిన మనిషే. కాలం గడిచేకొద్దీ ఆయన సహరచన వైపు మళ్లారు. 2013లో వచ్చిన చివరి ఆల్బమ్ నాటికి ఆయన పాటల్లో సహరచయిత లేనిది దాదాపు లేదు. దీనికి ఆయన చెప్పిన కారణం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఒంటరిగా రాసేటప్పుడు మాటలను మనసులోనే గొణుక్కుంటూ పోవచ్చు; ఎదుట మరో మనిషి ఉన్నప్పుడు ఆ వాక్యాన్ని పైకి పలకాలి, పలికిన క్షణంలోనే అది నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది. అంటే ఆయనకు సహరచయిత అవసరమైంది వాక్యాలు సరఫరా చేయడానికి కాదు, అబద్ధం చెప్పుకోకుండా కాపాడడానికి. మనసులో మెరిసినట్లు కనిపించిన మాట నోటి నుంచి బయటికి వచ్చి, మరొకరి చెవిలో పడి, ఆ గది గాలిలో ఒక్క క్షణం నిలిచినప్పుడు ఎంత బోలుగా వినిపిస్తుందో రాసేవారందరికీ తెలుసు.

ఆ వర్క్‌షాప్ గదిలో రెండు పనులు జరిగేవి. క్లార్క్ అక్కడ గిటార్లు తయారుచేసేవారు, పాటలు రాసేవారు. రాయడానికి గళ్ల కాగితం, పెన్సిల్, మంచి రబ్బరు వాడేవారు. చెరపడం రాయడంలో సగం పని అని నమ్మేవారికి పెన్సిలే సరైన సాధనం. ఒక పాటలో అన్నిటికంటే బాగున్న వాక్యమే ఆ పాటకు అడ్డుపడుతూ ఉంటే దాన్ని తీసి పారేయడానికి సిద్ధంగా ఉండాలని ఆయన చెప్పేవారు. ఈ సూత్రం వినడానికి సులభంగా ఉంటుంది. ఆచరణలో, ముఖ్యంగా సహరచనలో, దీని బరువు వేరు. ఆ మంచి వాక్యం ఎవరిది? కొత్తగా వచ్చిన పిల్లవాడిదైతే, ఆరాధ్యుడు దాన్ని కొట్టివేసినప్పుడు అతడి గుండె జారిపోతుంది. ఆరాధ్యుడిదే అయితే, దాన్ని కొట్టివేయమని చెప్పవలసిన బాధ్యత ఆ పిల్లవాడి మీద పడుతుంది. పాట కోసం ఎవరి వాక్యమైనా పోవచ్చు అనే నియమం ముందుగా ఒప్పుకుంటేనే ఆ గదిలో ఇద్దరూ రచయితలవుతారు. లేకపోతే ఒకరు కవి, మరొకరు లేఖకుడు.

మూడు ఉదాహరణలు చూస్తే ఆ గదిలో ఎవరు ఏం తెచ్చేవారో తెలుస్తుంది. మొదటిది షాన్ క్యాంప్‌తో కలిసి రాసిన ‘సిస్ డ్రేపర్’. క్యాంప్‌ది ఆర్కాన్సా రాష్ట్రం. ఆయన చిన్నతనంలో ఫిడేలు వాయించే ఒక స్త్రీ వారి ఇంటికి వచ్చి, పెద్దలతో కలిసి పాటలు వాయించి వెళ్లేది. క్యాంప్‌కు అది ఇంటి జ్ఞాపకం. అలాంటి జ్ఞాపకాలు తమవే అయినవారికి అవి పాటకు తగిన సరుకని సాధారణంగా తోచదు. రోజూ తిన్న అన్నం గొప్ప వంటకంగా కనిపించదు. బయటి నుంచి విన్న క్లార్క్ అందులో పాట ఉందని గుర్తుపట్టారు. 1999లో వచ్చిన ఆయన ఆల్బమ్‌లో ఆ ఫిడేలు స్త్రీ కనిపించింది. తరువాత వారిద్దరూ ఆమె చుట్టూ ఒక పాటల వరుసనే అల్లారు; 2013 ఆల్బమ్‌లో ఆమె మరణం గురించిన పాట ఉంది. ఇక్కడ ముడిసరుకు చిన్నవాడిది, దాని విలువ గుర్తుపట్టిన కన్ను పెద్దవాడిది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ అని తూకం వేయడానికి నా దగ్గర తక్కెడ లేదు.

రెండవది గోర్డీ శాంప్సన్‌తో రాసిన ‘మై ఫేవరిట్ పిక్చర్ ఆఫ్ యూ’. శాంప్సన్ కెనడాలోని కేప్ బ్రెటన్‌కు చెందిన రచయిత, అప్పటికే నాష్‌విల్‌లో గ్రామీ అందుకున్నవారు. ఆయన తెచ్చిన శీర్షికల జాబితాలో ఆ మాట ఉంది. క్లార్క్ కన్ను దాని మీద ఆగింది, ఎందుకంటే అదే గది గోడ మీద సుసానా పోలరాయిడ్ ఫోటో ఒకటి ఉంది. క్లార్క్, వాన్ జాండ్ట్ తప్పతాగి ఉన్న ఒక రోజున విసిగిపోయి, చేతులు కట్టుకుని, ఇంటి బయటికి వచ్చి నిలబడిన ఆమె కోపం ఆ చిన్న ఫోటోలో దొరికింది. నలభై ఏళ్ల దాంపత్యంలో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన చిత్రం అది. సుసానా 2012లో మరణించారు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ అట్ట మీద క్లార్క్ ఆ ఫోటోను చేతిలో పట్టుకుని కనిపిస్తారు. ఆ ఆల్బమ్‌కే 2014లో ఉత్తమ జానపద ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఈ పాటలో ముడిసరుకు పెద్దవాడిది, తలుపు తెరిచిన మాట చిన్నవాడిది. శాంప్సన్ జాబితాతో ఆ ఇంటికి వెళ్లకపోయి ఉంటే ఆ ఫోటో గోడ మీదే ఉండిపోయేదేమో.

మూడవది మనం మొదలుపెట్టిన పాట. మన్రో తన కథను చెప్పడమే ఆ పాటకు పునాది. తన కథను తానే రాసుకునే యువ రచయితకు రెండు ప్రమాదాలు ఉంటాయి. ఒకటి, బాధ ఎక్కువై కన్నీళ్లే పాటగా మారిపోవడం. రెండవది, బాధను దాచుకుని అందమైన మాటలు పేర్చడం. బాధను సూటిగా, పేరు పెట్టి, ఒక్క వరుసలో చెప్పి ముందుకు కదలడం క్లార్క్ పాటల్లో యాభై ఏళ్లుగా కనిపించే గుణం. ‘లైక్ ఎ రోజ్’లో తండ్రి మరణం ఎక్కువసేపు ఏడవదు, ఒక వాక్యంలో జరిగిపోతుంది, అందుకే నిజంగా తగులుతుంది. ఆ వాక్యం ఎవరి నోట వచ్చిందో అడగవలసిన పని లేదు. ఆ గది క్రమశిక్షణ అందులో ఉంది.

ఈ మూడు ఉదాహరణలూ ఒకే సంగతిని చెబుతున్నాయని నా అభిప్రాయం. ఆరాధ్యుడి దగ్గరికి వెళ్లే చిన్నవారు చాలామంది ఆయనలా రాయడానికి వెళతారు. ఆయన పాటల్లో పాత కత్తి, పడవ, రైలు, టమాటాలు ఉంటాయి కాబట్టి తాము కూడా ఒక పాత వస్తువు పట్టుకుని వెళతారు. ఆ పని ఆయన ఇదివరకే తమకంటే బాగా చేసి ఉన్నారు. ఆయనకు లేనిది, ఆయన ఎంత ప్రయత్నించినా సంపాదించలేనిది ఎదుటివారి జీవితం. ఆర్కాన్సా ఇంటికి వచ్చిన ఫిడేలు స్త్రీ, టెనెసీలోని నాక్స్‌విల్‌లో చెదిరిన మన్రో ఇల్లు ఆయనకు తెలియనివి. వాటిని పట్టుకుని వెళ్లినవారే ఆయనకు సహరచయితలయ్యారు. ఆరాధనను గుమ్మం దగ్గర వదిలి రావడమంటే గౌరవం తగ్గించుకోవడం కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న నిజాయితీని ఆయన ఎదుటే వాడడం.

రాడ్నీ క్రొవెల్ కథ దీనికి ఎక్కువ కాలం పట్టిన ఉదాహరణ. 1972లో ఇరవై రెండేళ్ల వయసులో నాష్‌విల్ వచ్చిన క్రొవెల్‌కు తనకంటే తొమ్మిదేళ్లు పెద్దవారైన క్లార్క్ అన్నివిధాలా గురువు. 1981 నాటికి క్లార్క్ ఆల్బమ్ ‘ది సౌత్ కోస్ట్ ఆఫ్ టెక్సాస్’కు క్రొవెలే నిర్మాత. స్టూడియోలో గురువు ఏం పాడాలో, ఏ వాయిద్యం ఎక్కడ మోగాలో శిష్యుడు చెప్పే స్థితి వచ్చింది. వారిద్దరూ కలిసి రాసిన ‘షీజ్ క్రేజీ ఫర్ లీవిన్’ ఆ ఆల్బమ్‌లోనే ఉంది. క్లార్క్ గొంతులో అది పెద్దగా ప్రచారం పొందలేదు. క్రొవెల్ దాన్నే తన 1988 నాటి ‘డైమండ్స్ అండ్ డర్ట్’లో పాడినప్పుడు అది 1989 మొదట్లో కంట్రీ పాటల ఆదరణ జాబితాలో మొదటి స్థానానికి చేరింది, ఆ ఆల్బమ్‌లోని అయిదు పాటలు వరుసగా ఆ స్థానం అందుకున్నాయి. గురువుకు స్వయంగా దక్కని మొదటి స్థానం, శిష్యుడి గొంతు ద్వారా, ఇద్దరి పేరు మీద దక్కింది. ఆ తరువాత కూడా వారు కలిసి రాశారు. 2013 ఆల్బమ్‌లో కూడా క్రొవెల్‌తో రాసిన పాట ఉంది. మొదటి పరిచయం నుంచి చివరి ఆల్బమ్ వరకు నాలుగు దశాబ్దాలు. ఆరాధన స్నేహంగా మారడానికి అంత కాలం అందరికీ దొరకదు. ఒక్క ఉదయం మాత్రమే దొరికేవారు ఆ నాలుగు దశాబ్దాల దూరాన్ని మూడు గంటల్లో దాటవలసి ఉంటుంది. సహరచనలో కఠినమైన భాగం అదే.

ఇక వాటాల సంగతి. చట్టం, ఆచారం ఒకదాని పక్కన మరొకటి నిలబడి వేర్వేరు మాటలు చెప్పే చోటు ఇది. 1976లో అమెరికా చేసిన కాపీరైట్ చట్టం ప్రకారం, తమ రచనలు విడదీయరాని ఒకే రచనగా కలిసిపోవాలనే ఉద్దేశంతో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది సిద్ధం చేసినది ఉమ్మడి రచన అవుతుంది. వేరే ఒప్పందం లేకపోతే ఉమ్మడి రచయితలందరికీ సమాన హక్కు ఉంటుంది. పల్లవి మొత్తం ఒకరు రాసి, మరొకరు ఒక్క చరణమే రాసినా చట్టం కొలబద్ద పట్టుకుని రాదు. అయితే ఉమ్మడి రచయిత అనిపించుకోవడానికి కోర్టులు ఒక గీత గీశాయి. 1991లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ఒక నాటకం వివాదంలో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఇద్దరికీ ఉమ్మడి రచయితలం కావాలనే ఉద్దేశం ఉండాలి, ప్రతి ఒక్కరి భాగం విడిగా చూసినా కాపీరైట్‌కు అర్హమైనదిగా ఉండాలి. ఆలోచనకు కాపీరైట్ లేదు, వ్యక్తీకరణకే ఉంది.

దీన్ని ఆ వర్క్‌షాప్ గదికి అన్వయించి చూడండి. ‘ఆ ఫిడేలు ఆవిడ గురించి రాద్దాం’ అనడం ఆలోచన మాత్రమే. ‘ఆ వాక్యం తీసెయ్యి’ అనడంలో కొత్త వ్యక్తీకరణ ఏదీ లేదు. కఠినంగా చూస్తే ఈ రెండు మాటలు మాత్రమే అన్న మనిషి చట్టం దృష్టిలో రచయిత కాకపోవచ్చు, ఆ రెండు మాటలే పాటను నిలబెట్టినా సరే. నాష్‌విల్ ఆచారం ఇక్కడ చట్టం కంటే ఉదారంగా, నా దృష్టిలో కళకు దగ్గరగా ఉంటుంది. గదిలో ముగ్గురు కూర్చుని లేస్తే మూడు సమాన వాటాలు. ఎవరు ఎన్ని మాటలు చెప్పారనే లెక్క ఉండదు. ఈ రోజు మౌనంగా కూర్చున్నవాడు రేపు మొత్తం పాట మోయవచ్చు; లెక్కలు మొదలుపెడితే ప్రతి ఒక్కరూ తన వాక్యాన్ని కాపాడుకోవడానికే చూస్తారు, అప్పుడు మంచి వాక్యాన్ని తీసి పారేయడం ఎవరికీ సాధ్యం కాదు. సమాన వాటా అనే ఆచారం లేకపోతే క్లార్క్ సూత్రం అమలు కాదు. డబ్బు నియమం కళ నియమాన్ని కాపాడే అరుదైన సందర్భం ఇది.

ఆ డబ్బు ఎంత అనే సంగతి కూడా చూడాలి. అమెరికాలో అమ్ముడైన ప్రతి రికార్డుకు, ప్రతి డౌన్‌లోడుకు పాట యజమానులకు చెల్లించవలసిన చట్టబద్ధమైన రేటు 2006 నుంచి 2022 వరకు 9.1 సెంట్లు, 2023లో అది 12 సెంట్లయింది. పాత రేటుతో ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. లక్ష ప్రతులు అమ్ముడైన ఆల్బమ్‌లో ఒక పాటకు వచ్చేది 9,100 డాలర్లు. ముగ్గురు రచయితలుంటే ఒక్కొక్కరి వాటా సుమారు 3,033 డాలర్లు. మామూలు ఒప్పందంలో అందులో సగం పబ్లిషర్‌కు పోతే రచయిత చేతికి వచ్చేది సుమారు 1,516 డాలర్లు. అంటే ఆల్బమ్‌లో మూలన పడి ఉన్న పాటతో ఎవరూ ధనవంతులు కారు. రేడియోలో మోగిన పాట సంగతి వేరు. అమెరికాలో సంప్రదాయ రేడియో స్టేషన్లు పాట రచయితకు, పబ్లిషర్‌కు రుసుము చెల్లిస్తాయి. పాడినవారికి మాత్రం ఏమీ చెల్లించవు. పేరున్న గాయకులు పాట కింద రచయితగా తమ పేరు కూడా ఉండాలని ఎందుకు కోరుకుంటారో ఈ ఒక్క నిబంధన చాలావరకు వివరిస్తుంది.

ఆరాధన దోపిడీకి దారి ఇచ్చేది కూడా ఇక్కడే. ఒక్క మాట మార్చి మూడో వంతు తీసుకోవడం అనే సామెత నాష్‌విల్‌లో ఊరికే పుట్టలేదు. పేరున్న మనిషి గదిలోకి రావడమే గొప్ప అనుకునే కొత్త రచయిత, పూర్తయిన పాటలో కూడా వాటా వదులుకుంటాడు. 1970లలో తన పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను ఎల్విస్ ప్రెస్లీ పాడబోతున్నాడని తెలిసి ఎంతో సంతోషించిన గాయని, రచయిత్రి డాలీ పార్టన్‌ను, ఆయన మేనేజర్ పబ్లిషింగ్ హక్కులో సగం అడిగినప్పుడు, ఆమె ఏడుస్తూనే కాదన్నారు. 1992లో అదే పాటను విట్నీ హ్యూస్టన్ పాడి ప్రపంచమంతా వినిపించినప్పుడు ఆ నిరాకరణ విలువ తెలిసింది. నిజమైన సహరచనకు, ఇలాంటి వసూలుకు మధ్య తేడాను కనిపెట్టడానికి ఒక సులువైన ప్రశ్న ఉంది: పాట పుట్టకముందు ఆ మనిషి గదిలో ఉన్నారా, పుట్టిన తరువాత వచ్చారా? క్లార్క్ ఎప్పుడూ ఖాళీ గళ్ల కాగితం ముందు కూర్చునేవారు.

కాలం కూడా ఒక వాటాదారే. అమెరికా చట్టంలో 1978 తరువాత ఒక్కరు రాసిన పాటకు ఆ రచయిత మరణించిన 70 ఏళ్ల వరకు రక్షణ ఉంటుంది. ఉమ్మడి రచనకైతే చివరగా మరణించిన రచయిత నుంచి ఆ 70 ఏళ్లు లెక్కిస్తారు. మన దేశంలో ఆ గడువు 60 ఏళ్లు, ఉమ్మడి రచన విషయంలో పద్ధతి ఇదే. క్లార్క్ 2016 మే 17న నాష్‌విల్‌లో మరణించారు. ఆయన 1978 తరువాత ఒంటరిగా రాసిన పాటల గడువు 2086తో ముగుస్తుంది. 1986లో పుట్టిన మన్రోతో కలిసి రాసిన పాట మాత్రం ఆమె, రాండల్ ఇద్దరూ జీవించినంత కాలం, ఆ తరువాత మరో 70 ఏళ్లు ఆయన వారసులకు కూడా చెందుతుంది. చిన్నవారితో కలిసి రాసిన పెద్దవారి పాటకు చట్టమే అదనంగా ఆయుష్షు పోస్తుంది.

పెద్దవారికి దక్కేది అంతమాత్రమే కాదు. చివరి పదేళ్లు క్లార్క్ ఆరోగ్యం బాగా దెబ్బతింది. ప్రయాణాలు తగ్గాయి, గొంతు సన్నగిల్లింది, భార్య పోయింది. ఆ రోజుల్లో కూడా ఉదయం మెట్లు దిగి వచ్చే ఒక యువ రచయిత ఉన్నాడంటే, బల్ల ముందు కూర్చోవడానికి, పెన్సిల్ చెక్కడానికి ఒక కారణం ఉన్నట్లే. ఆరాధించినవారు తమకు వరం దొరికిందనుకుని వచ్చి ఉంటారు. ఆయన మీద వారు చూపిన దయ ఎంతో వారికి అప్పుడు తెలిసి ఉండకపోవచ్చు.

స్టీవ్ అర్ల్ సంగతి చెప్పి ఆపుతాను. పందొమ్మిదేళ్ల వయసులో క్లార్క్ బృందంలో బాస్ గిటారు వాయించిన ఆయన, తరువాత తానే ఒక పెద్ద రచయిత అయ్యారు. ఇద్దరం కలిసి ఒక పాట రాద్దామని అనారోగ్యంతో ఉన్న రోజుల్లో క్లార్క్ ఆయనను అడిగారు. అర్ల్‌కు తీరిక దొరకలేదు. తన జీవితంలో పశ్చాత్తాపపడే కొద్ది విషయాల్లో అది ఒకటని ఆయన తరువాత చెప్పారు. 2019లో ఆయన ‘గై’ అనే పేరుతో క్లార్క్ పాటలు పదహారింటిని పాడి ఆల్బమ్‌గా విడుదల చేశారు. చివరి పాటలో పాత మిత్రులందరినీ పిలిచి తనతో కలిపి పాడించారు. వచ్చినవారిలో రాడ్నీ క్రొవెల్, షాన్ క్యాంప్, ఎన్నో ఏళ్లు క్లార్క్ పక్కన గిటారు వాయించిన వెర్లాన్ థాంప్సన్ ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లూ క్లార్క్ పేరు పక్కన సహరచయితలుగా ఎన్నో పాటల కింద ఉన్నాయి. ఆ పదహారు పాటల్లో ఒక్కదాని కింద కూడా రచయితగా స్టీవ్ అర్ల్ పేరు లేదు.